నేరం ఒకరిది, చదువు ఆగేది మరొకరిది

(కంచరపాలెంలో జరిగిన తల్లిదండ్రుల, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వక్తను కాను. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాగితం చేతిలో లేనిదే నాకు మాట రాదు. అందుచేత ఈరోజు కూడా కాగితాలతోనే వచ్చాను. ఈ రెండు బిస్కట్ డబ్బాలలో ఉన్నవి మన సాయంత్రపు ఉచిత ట్యూషన్‌కు వచ్చే పిల్లలు రాసిన చీటీలు. ఇంటర్ చదివేవారున్నారు, మన కంచరపాలెం పాలిటెక్నిక్‌కూ ఐటీఐకీ వెళ్లేవారున్నారు, డిగ్రీవారూ కొందరున్నారు. గత నెలలో ఒక ఆదివారం వారిని ఒకే ప్రశ్న అడిగాను. దారిలోనో, బస్సులోనో, కళాశాలలోనో ఒక అమ్మాయిని ఎవరైనా వేధిస్తే తప్పు ఎవరిది, ఎందుకు? పేరు రాయవద్దన్నాను. అబ్బాయిలు ఒక డబ్బాలో, అమ్మాయిలు మరొక డబ్బాలో వేశారు.

ఇది సర్వే కాదు. లెక్కలు కట్టి శాతాలు చెప్పే పాండిత్యం నాకు లేదు. ఎవరి చేతిరాత ఎవరిదో కనిపెట్టే ప్రయత్నం చేయలేదు, ఇక్కడ కూడా ఎవరినీ గుర్తుపట్టే విధంగా ఏదీ చదవను. కానీ ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత కూర్చుని వీటిని చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు. ఎందుకో చెబుతాను.

ముందు అబ్బాయిల డబ్బా. వేధించినవాడిదే తప్పు అని సూటిగా రాసినవారు ఉన్నారు, వారిని అభినందించాలి. ఎక్కువమంది మాత్రం 'తప్పు ఇద్దరిదీ' అని రాశారు. అమ్మాయి నవ్వింది కనుక, జవాబిచ్చింది కనుక, ఆ దారినే రోజూ వస్తుంది కనుక, ఫోటో పెట్టింది కనుక. ఒకరు సినిమాలో హీరో వెంటపడితే ఈలలు వేస్తారు, మేము వెంటపడితే కేసు ఎందుకని అడిగారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. ఈలలు వేసినవారిలో మనమూ ఉన్నాం. మరికొందరు 'సరదాకి ఏడిపించడం వేరు, వేధించడం వేరు' అని రాశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఏడిపించడం అన్న మాటను గమనించారా? అబ్బాయిలు చేసే ఆ పనికి మన తెలుగువారు పెట్టుకున్న పేరులోనే ఎదుటి మనిషి కన్నీరు ఉంది. అయినా ఆ మాటను నవ్వుతూ పలుకుతాం. అల్లరి కూడా అంతే. అల్లరి చేసేవాడు అబ్బాయి, అల్లరిపాలయ్యేది అమ్మాయి. మాట ఒకటే, చేసినవాడికి అది చిలిపితనం, అవతలి మనిషికి పరువు నష్టం. పిల్లలు ఈ చీటీలలో రాసినది వారు కొత్తగా కనిపెట్టినది కాదు. మన ఇళ్లలో, మన అరుగుల మీద వాడే మాటలలో నేర్చుకున్నదే.

ఇక అమ్మాయిల డబ్బా. ఇందులో అందరూ అబ్బాయిదే తప్పని రాసి ఉంటారని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అలా రాసినవారు అబ్బాయిల కంటే ఎక్కువే. అయితే 'మనం జాగ్రత్తగా ఉంటే ఎవరూ ఏమీ చేయరు', 'మంచి అమ్మాయిల జోలికి ఎవరూ రారు', 'ఆమె ఏదో చేసే ఉంటుంది' అని రాసినవారు కూడా తక్కువేమీ కాదు. మరికొన్ని చీటీలలో రెండు మాటలూ కలిసే ఉన్నాయి. తప్పు వాడిది, కానీ అనేది మమ్మల్నే, కాబట్టి మేమే తగ్గి ఉండాలి. బురఖాలో ఉన్నా వదలరు అని ఒకరు రాశారు. అన్నింటికంటే ఎక్కువసార్లు, వేర్వేరు చేతిరాతలలో కనిపించిన వాక్యం ఒకటుంది. 'ఇంట్లో చెప్పను, చెబితే కాలేజీ మాన్పిస్తారు.' నేను అడిగిన ప్రశ్నలో ఇల్లు లేదు, కాలేజీ మాన్పించడం లేదు. అయినా వారు ఆ జవాబే రాశారు.

అబ్బాయిలు, అమ్మాయిలు కొన్నిచోట్ల ఒకే మాట రాశారు గాని, ఆ మాట ఒకేచోట పుట్టలేదని నా అభిప్రాయం. అబ్బాయి 'ఆమెదీ తప్పే' అన్నప్పుడు అతనికి ఖర్చేమీ లేదు. అమ్మాయి అదే మాట అన్నప్పుడు భయపడుతున్నది. తోటి అమ్మాయి చేసిన పొరపాటేదో ఉందని నమ్మితే, ఆ పొరపాటు తాను చేయకుండా ఉంటే చాలు, తనకు ఏమీ కాదు. ఏ పొరపాటూ లేకుండానే ఆమెకు అలా జరిగిందని ఒప్పుకుంటే రేపు తన వంతు కావచ్చు. ఆ ఆలోచనతో ఎవరు నిద్రపోగలరు?

దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా కాలం క్రితమే పరిశీలన చేశారు. అమెరికాలో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమ్మన్స్ 1966లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక యువతి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా ఆమెకు విద్యుత్ షాకు తగులుతున్నట్లు కొందరు విద్యార్థినులకు చూపించారు. షాకు నిజం కాదు, నటన మాత్రమే, చూసేవారికి ఆ సంగతి తెలియదు. ఆమె బాధను ఆపే అవకాశం తమకు ఇచ్చినప్పుడు వారు ఆమె పట్ల అంత చెడుగా మాట్లాడలేదు. ఆపలేరు, కూర్చుని చూడవలసిందే అన్నప్పుడు మాత్రం ఆ బాధపడే మనిషినే తక్కువ చేసి మాట్లాడారు. చూసినవారూ స్త్రీలే, బాధపడినదీ స్త్రీయే. సాయం చేయలేని నిస్సహాయత నిందగా మారిందన్నమాట. లోకం న్యాయంగానే నడుస్తున్నదని నమ్మాలనే కోరిక మనిషికి అంత బలమైనదని లెర్నర్ తర్వాతి రోజుల్లో వివరించాడు. వివిధ దేశాల విద్యార్థులపై జరిగిన పరిశీలనలలో సగటున పురుష విద్యార్థులే బాధితురాలిని ఎక్కువగా తప్పుపట్టినట్లు తరచుగా తేలింది. అలాగని స్త్రీలు ఆ పని చేయరని కాదు.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడం ఏదో ఒక సందర్భంలో సమంజసమేనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 100కు సుమారు 84 మంది స్త్రీలు చెప్పారు. ఆ మాట ఒప్పుకున్న పురుషుల సంఖ్య రెండు రాష్ట్రాలలోనూ అంతకంటే తక్కువ! దెబ్బ తినేవారే దెబ్బకు కారణాలు ఎక్కువగా వెతుక్కుంటున్నారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులు అనే పాత మాటతో దీన్ని కొట్టిపారేయవద్దని మనవి. వారికి తప్పించుకునే దారి మనం ఏం చూపించామో ముందు ఆలోచించాలి.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. ఇతరుల చీటీలు చదివి నావి దాచుకోవడం న్యాయం కాదు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, 1990ల మొదట్లో, ఒక టైపిస్టు సోదరి తన పైఅధికారి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. గది తలుపు వేసి పని చెప్పడం, కాగితం అందుకునే నెపంతో చేయి పట్టుకోవడం, సాయంత్రం అందరూ వెళ్లాక ఆగమనడం. ఆ ఫైలు నా సీటుకు వచ్చింది. విచారణ అని ఒకటి జరిపారు. నోట్ ఫైలులో పేజీలు పెరిగాయి. ఆమెకు వివాహమైందా, భర్త ఎక్కడ ఉంటాడు, మధ్యాహ్న భోజనం ఎవరితో చేస్తుంది, ఎవరితో నవ్వుతూ మాట్లాడుతుంది, ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చింది. ఆ అధికారి గురించి ఒక్క పేజీ కూడా లేదు. చివరకు 'ఇరువురి మధ్య అపోహలు ఏర్పడినందున, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' ఆమెను దూరపు మండలానికి బదిలీ చేయవచ్చునని నోట్ పెట్టారు. పెట్టారు అంటున్నాను గాని, పెట్టింది నేనే. చెప్పినట్లు రాశాను, నా పొట్టి సంతకం చేసి పైకి పంపాను. భాష చక్కగా ఉందని సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు కూడా. ఆ వాక్యంలో చేయి పట్టుకున్నవాడు లేడు, చేయి లేదు. అపోహలు మాత్రమే ఉన్నాయి, అవి వాటంతటవే ఏర్పడ్డాయి. గుమాస్తా భాష చేయగలిగిన పని అది.

ఆ కార్యాలయంలో మరో ముగ్గురు మహిళా ఉద్యోగులు ఉండేవారు. విచారణలో వారిని అడిగితే, ఆమెకు కాస్త చనువు ఎక్కువ అని చెప్పారు. అందరికంటే గట్టిగా చెప్పిన ఆవిడ చాలా ఏళ్ల తర్వాత, తన పదవీ విరమణ నాడు, దండలు తీసి పక్కన పెట్టి నాతో అన్నది. "భాయ్, ఆయన నన్ను కూడా అలాగే ఇబ్బంది పెట్టాడు. నేను నోరు మూసుకున్నాను. ఆమె నోరు తెరిచిందని నాకు కోపం వచ్చింది." ఆ మాట నాకు అర్థం కావడానికి, ఈ డబ్బాలోని చీటీలు చదివేదాకా పట్టింది.

రెండవది ఇంకా పాతది. చెప్పవచ్చునా అని మా చెల్లెలిని అడిగాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభం భాయ్, సరే చెప్పు" అన్నది. 1974లో ఆమె తొమ్మిదో తరగతి, నేను ఇంటర్. మా అబ్బా పోర్టులో కళాసీ. మా వీధి చివర కిళ్లీ కొట్టు దగ్గర కొందరు కుర్రాళ్లు నిలబడి బడికి పోయే ఆడపిల్లల మీద పాటలు పాడేవారు, కాగితాలు విసిరేవారు. ఒకరోజు మా చెల్లెలి మీద కాగితం పడటం నేను చూశాను. ఆ కుర్రాళ్లలో ఇద్దరు నాకు తెలిసినవారే, వారితో ఒక్క మాట అనలేదు. నేరుగా ఇంటికి వెళ్లి అబ్బాకు చెప్పాను. అన్నగా బాధ్యత నెరవేర్చానని గర్వం కూడా. మర్నాటి నుంచి ఆమె బడి ఆగిపోయింది. కుర్రాళ్లు అక్కడే ఉన్నారు, మరుసటి ఏడు వేరే పిల్లల మీద పాడారు. నేను బీఏ పూర్తిచేశాను. లెక్కలలో నాకంటే చురుకైన ఆమె కుట్టుమిషను మీద పిల్లలను పెంచి పెద్దచేసింది. అబ్బాను నేను తప్పుపట్టలేను, ఆయనకు తెలిసిన రక్షణ అదొక్కటే. కానీ ఆ ఇంట్లో ఆనాడు శిక్ష పడింది ఎవరికి?

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1978 మార్చిలో హైదరాబాదులో రమీజాబీ అనే ముస్లిం యువతి, రిక్షా కార్మికుడైన భర్త అహ్మద్ హుసేన్‌తో రాత్రి సినిమా చూసి తిరిగి వస్తుండగా పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషనుకు తీసుకుపోయారు. ఆమెపై అత్యాచారం జరిగింది, పోలీసుల దెబ్బలకు భర్త ప్రాణం పోయింది. నగరం అట్టుడికిపోయింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే దోషమని తేల్చింది. ఆ విచారణ సాగినంతకాలం ఎదుటి పక్షం వారు నిరూపించజూసింది ఏమిటో తెలుసా? ఆమె శీలవతి కాదని, ఆమె వివాహమే చెల్లదని. ఆ తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే ఏడు మహారాష్ట్రకు చెందిన మథుర అనే గిరిజన బాలిక కేసులో సుప్రీంకోర్టు, ఆమె శరీరంపై గాయాలు లేవని, అరవలేదని ఇద్దరు పోలీసులను వదిలిపెట్టింది.

ఆ రెండు ఘటనలపై చెలరేగిన ఆందోళనల ఫలితంగానే 1983లో అత్యాచార చట్టం సవరించారు. అయినా బాధితురాలి నడవడిక మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేయించే వీలు సాక్ష్య చట్టంలో 2003 దాకా మిగిలే ఉంది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 48వ సెక్షను ప్రకారం ఆమె శీలం, గత సంబంధాలు ఇటువంటి కేసుల్లో సమ్మతి ప్రశ్నకు సంబంధం లేని విషయాలు. 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయస్థానాలు స్త్రీ దుస్తుల గురించి, ప్రవర్తన గురించి వ్యాఖ్యలు చేయరాదని ఆదేశించింది. కాగితం మీద చట్టం ఇంత దూరం నడిచి వచ్చింది. మన అరుగుల మీది విచారణ మాత్రం 1978లోనే ఉంది.

2007 డిసెంబరు 27 రాత్రి విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు హాస్టలులో బీఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. ఒక యువకుణ్ణి నేరస్థుడన్నారు, 2010లో శిక్ష వేశారు, ఎనిమిదేళ్లకు పైగా జైలులో ఉన్నాక 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తర్వాత కేసు సీబీఐ చేతికి వెళ్లింది, బిడ్డ సమాధిని మళ్లీ తవ్వవలసి వచ్చింది. ఆమె తల్లిదండ్రులు న్యాయం కోసం ఏళ్ల తరబడి నిలబడి అడిగారు. కానీ ఆ రోజుల్లో మన పేటలో, మన మహఫిల్‌లలో నేను విన్న ప్రశ్న ఏమిటి? చంపినవాడు ఎవడు అన్నది కాదు. ఆడపిల్లను హాస్టలులో ఎందుకు పెట్టారు అన్నది. ఆ ప్రశ్న వల్ల ఎన్ని ఇళ్లలో అడ్మిషన్ ఫారాలు చించివేయబడ్డాయో లెక్క రాసినవారు లేరు. నాకు తెలిసి రెండిళ్లలో జరిగింది.

దుస్తులు, వేళ, హాస్టలు అనేవారికి మరొక సంగతి గుర్తుచేస్తాను. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి మొదటి రోజున 'బుల్లీ బాయి' అనే పేర్లతో ముస్లిం స్త్రీల ఫోటోలు అంతర్జాలంలో వేలానికి పెట్టారు. పాత్రికేయులు, విద్యావంతులు, ఉద్యమకారులు. వారిలో ఏ దారినీ నడిచి వెళ్లినందుకు ఆ పని జరగలేదు, మాట్లాడినందుకు జరిగింది. రెండవ కేసులో అరెస్టయినవారు ఇంజనీరింగు చదివే వయసు పిల్లలు, వారిలో 18 ఏళ్ల యువతి కూడా ఉంది. ద్వేషం నేర్పితే ఆడపిల్ల కూడా నేర్చుకుంటుంది.

ఈ మాటకు మీలో చాలామంది తల ఊపారు. ఇప్పుడు చెప్పబోయే మాటకు అంతమంది ఊపకపోవచ్చు. వేధించినవాడు ఇతర మతస్థుడైతే మనం స్టేషను ముందు గుమిగూడతాం. మనవాడే అయితే, మన వీధి కుర్రాడో, మనకు దగ్గరి చుట్టమో, మన సంఘంలో పెద్దమనిషో అయితే, 'కౌమ్ పరువు' అంటూ ఆ తల్లిదండ్రులను పక్కకు పిలిచి సర్దిచెబుతాం. నేనూ ఒకటి రెండు పంచాయతీలలో అలా సర్దినవాణ్ణే. మైనారిటీ హక్కులు అడిగే నోటికి, మన ఇంటిలోని ఆడబిడ్డ హక్కు దగ్గరకు వచ్చేసరికి తాళం పడితే ఆ నోటి మాటకు బరువు ఉండదు.

మతాన్ని అడ్డం పెట్టి ఆడపిల్లనే సరిదిద్దాలని వాదించేవారు ఉన్నారు కనుక, నాకు తెలిసిన మేరకు రెండు సంగతులు చెబుతాను. ఆలిమ్‌లు వేదిక మీదే ఉన్నారు, పొరపడితే దిద్దుతారు. దివ్య ఖుర్ఆన్‌లో సూరా అన్-నూర్ 30వ ఆయతు చూపులు దించుకొమ్మని మొదట ఆజ్ఞాపించింది పురుషులను. స్త్రీలకు చెప్పినది ఆ తర్వాతి ఆయతులో. మనం జుమా ప్రసంగాలలో 31వ ఆయతు విన్నన్నిసార్లు 30వది విన్నామా? అదే సూరాలో, హజ్రత్ ఆయిషా (రజి) గారిపై అపనింద వేసి నెలరోజులు ఊరంతా గుసగుసలాడిన ఘటన ఉంది. ఆ మాట విన్నప్పుడే ఇది స్పష్టమైన అభాండమని ఎందుకు అనలేదని విశ్వాసులనే అల్లాహ్ నిలదీశాడు.

రెండవది బుఖారీ హదీసులలోనిది. చివరి హజ్ సమయంలో దైవప్రవక్త (స) వారి వాహనం మీద వెనుక కూర్చున్న యువకుడు ఫజల్ బిన్ అబ్బాస్. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ తన వృద్ధ తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడగడానికి వచ్చింది. ఫజల్ ఆమెనే చూడసాగాడు. ప్రవక్త (స) తమ చేతితో ఫజల్ ముఖాన్ని పక్కకు తిప్పారు. ఆమెను వెళ్లిపొమ్మనలేదు. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పారు, చేయవచ్చునన్నారు. ఆమె వచ్చిన పని పూర్తయింది. నేను 1974లో చేయవలసింది ఇదే. కిళ్లీ కొట్టు దగ్గరి ముఖాలు పక్కకు తిప్పి, మా చెల్లెలిని బడికి పంపవలసింది.

అబ్బాయిల డబ్బాకు మళ్లీ వస్తాను. అందులో ఒక చీటీ మిగతావాటి కంటే చిన్నగా మడిచి ఉంది. వివరాలు మార్చి చెబుతున్నాను. తాను సెలవుల్లో పనికి వెళ్లిన చోట ఒక పెద్దవయసు మనిషి తనతో అసభ్యంగా ప్రవర్తించాడని, ఎవరికీ చెప్పలేదని, చెబితే మగవాడివి కాదా అని నవ్వుతారని రాశాడు. బాబూ, నువ్వు ఈ హాలులో ఉంటే విను. నువ్వు యూసుఫ్ (అలై) వంటివాడివి. ఆయన ఒక ఉన్నతాధికారి ఇంట్లో ఉన్న అందమైన యువకుడు, ఇంటి యజమానురాలు ఆయన వెంటపడింది, పారిపోతుంటే చొక్కా వెనుకనుంచి పట్టుకుని చింపింది, పైగా నేరం ఆయన మీదే మోపింది. అక్కడ సాక్ష్యం చెప్పినవాడు ఆయన అందం గురించి, నడవడిక గురించి మాట్లాడలేదు. చొక్కా ముందు చిరిగిందా, వెనుక చిరిగిందా చూడండి అన్నాడు. వెనుక చిరిగింది. అంత స్పష్టంగా తేలినా జైలుకు వెళ్లింది మాత్రం యూసుఫే. 18 ఏళ్లలోపు పిల్లలకు రక్షణనిచ్చే 2012 నాటి పోక్సో చట్టానికి బాలుడు, బాలిక అనే భేదం లేదు.

తప్పుడు కేసు పెడితే మా గతేమిటని అడిగిన అబ్బాయిలకు కూడా ఆ చొక్కాయే జవాబు. మీ భయం అర్థం లేనిది కాదు, ఆయేషా మీరా కేసులో నిరపరాధి ఏళ్ల తరబడి జైలులో మగ్గాడు. కానీ అతణ్ణి ఇరికించింది ఏ ఆడపిల్ల ఫిర్యాదూ కాదు. ఇరుపక్షాల మాట విని, ఆధారం చూసి తేల్చడమే అబ్బాయికీ అమ్మాయికీ రక్షణ. ఆమె నవ్విందా లేదా అని చూడటం ఆధారం చూడటం కాదు.

చట్టం గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, వివరాలు న్యాయవాది సోదరి చెబుతారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షను లైంగిక వేధింపును నేరమంటుంది. అసభ్య వ్యాఖ్యకు ఏడాది వరకు, తాకడానికి, బలవంతపు కోరికకు మూడేళ్ల వరకు శిక్ష. వద్దన్నా వెంటపడటం 78వ సెక్షను కింద నేరం. సినిమా హీరో గురించి అడిగిన తమ్ముడు ఈ నంబరు రాసుకోవాలి. కళాశాలలు, విశ్వవిద్యాలయాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి. దీనికి మూలం 1997 నాటి 'విశాఖ' తీర్పు. పేరు వినగానే మన ఊరిదని సంతోషపడతారు, కాదు, అది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాన్ని ఆపబోయి దారుణానికి గురైన భన్వరీదేవి కోసం వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తీర్పు వచ్చినప్పుడు నేను నోట్ పెట్టిన ఆ ఫైలు ఇంకా రికార్డు గదిలోనే ఉంది. యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థినులు మూడు నెలలలోగా ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజులలో విచారణ ముగియాలి, విద్యార్థుల విషయమైతే కమిటీలో విద్యార్థి ప్రతినిధులు ఉండాలి. మీ కళాశాల నోటీసు బోర్డు మీద ఆ కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయా? రేపే చూసి రండి. లేకపోతే ఎందుకు లేవని రాతపూర్వకంగా అడుగుదాం.

తల్లిదండ్రులను కోరేది ఒకటే. బయటకు వెళ్లేటప్పుడు ఒక కాగితం ఇస్తాం. 'నా కూతురు వేధింపు గురించి ఇంట్లో చెప్పినంత మాత్రాన ఆమె చదువు ఆపను' అని అందులో ఉంది. కింద తండ్రి సంతకం, తల్లి సంతకం. ఇది ఏ కోర్టులోనూ చెల్లదు, చెల్లనక్కరలేదు. ఒక ప్రతి మీ అమ్మాయి దగ్గర ఉండాలి, అంతే. కొడుకులున్నవారికి వేరే కాగితం లేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర, నువ్వు ఎవరినైనా ఏడిపించావా అని అడగండి. మాట అదే వాడండి.

ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత ట్యూషన్ గదిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు, న్యాయవాది సోదరి కూర్చుంటారు. అమ్మాయిలు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు, అబ్బాయిలూ రావచ్చు. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. నేను పక్క గదిలో ఉంటాను. ఫిర్యాదు రాయాలంటే నేను రాసిపెడతాను. తేదీ, వేళ, స్థలం, ఎవరు ఏం చేశారు, ఏ చేయి ఎవరిని పట్టుకుంది, అన్నీ కర్తతో సహా రాస్తాను. రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర, సంతకం వేయించుకుని తిరిగి తీసుకురండి. ఆ ప్రతి మన ఫైలులో ఉంటుంది. మొదటి ఆదివారం నాతోపాటు కూర్చోవడానికి మా చెల్లెలు కూడా వస్తానన్నది.